గూఢచారీ, ఏడు తలల గద్దా, విత్తనపు పల్లికాయలూ

ఆ రోజుల్లో మా ఊరికి ఒక్కో కథ రెండు దారుల్లో వచ్చేది. మొదట అంచులు పసుపుపచ్చబారిన నవలగా, ఆ తర్వాత ఎవరైనా ఆ నవలను సినిమాగా తీస్తే, నాగర్‌కర్నూల్లో అద్దెకిచ్చే సీడీగా. ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు పుస్తకం గొప్పదా సినిమా గొప్పదా అని గంటలకొద్దీ వాదించుకుంటుంటే నేను వంటింట్లోంచి విని లోలోపల నవ్వుకుంటాను. ఆ తగాదాను రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, మా ఇంటి వసారాలో, విత్తనపు పల్లికాయల రాశి పక్కన, నలుగురి ఎదుట తేల్చేసిన మనిషిని నేను. (ఈ సంగతి పిల్లలకు చెప్పబోతే ‘అమ్మ మళ్ళీ మొదలుపెట్టింది’ అంటారు. అందుకే మీకు చెబుతున్నాను.) సొంత గొప్ప చెప్పుకోకూడదని మా అమ్మ నేర్పింది. జరిగింది జరిగినట్టు చెబితే అదే గొప్పగా వినిపిస్తుంటే మాత్రం నేనేం చేయను.

నేను బడిలో చదివిన దాన్ని కాను. చిన్నప్పుడు వరసగా జ్వరాలతో మంచం పట్టడంతో బడికి పంపడం ఆలస్యమైంది, ఆ ఆలస్యం అలాగే నిలిచిపోయింది. నాకు అక్షరాలు నేర్పింది మా అమ్మే. ఆమె కాపురానికి వస్తూ ఒక రేకు పెట్టె తెచ్చుకుంది. అందులో చీరలకన్నా పుస్తకాలు ఎక్కువ. పెళ్ళికి ముందు వనపర్తిలో పాత పుస్తకాల బండి మీద ఒక్కొక్కటే ఏరుకున్నవట. అడుగున పురాణాలు, పైనంతా గూఢచారి నవలలూ జానపద నవలలూ. పొద్దున దీపం పెట్టాక పురాణం, మధ్యాహ్నం అన్నం తిన్నాక గూఢచారి, ఇదీ నా చదువు. చాలా ఏళ్ళు భక్తుడూ గూఢచారీ ఒకే కుటుంబం వాళ్ళనుకునేదాన్ని. ఇద్దరూ కంటికి కనిపించని వాడి మాట పట్టుకుని నిప్పుల్లో దూకుతారు, ఇద్దరినీ ఇంట్లోవాళ్ళు నమ్మరు. ఆ పెట్టె ఇచ్చిన దేవుడికీ, దాన్ని తాళం వేయకుండా ఉంచిన అమ్మకూ నేను రోజూ దండం పెట్టుకునేదాన్ని. ఇప్పటికీ పెడతాను.

మా ఊరు తెలకపల్లికి అవతల ఉంటుంది. మిరుగు (మృగశిర కార్తె) వానలకు ముందు ఇంటింటా విత్తనపు పల్లికాయ ఒలిచే పని. మిషన్లో వేస్తే గింజ మీది ఎర్రపొర చిట్లుతుంది, పొర చిట్లిన గింజ మొలవదు. కాబట్టి బొటనవేలితో ఒత్తి ఒక్కొక్క కాయా ఒలవాల్సిందే. మా వసారాలో ఒక ఏడెనిమిది మంది ఆడవాళ్ళు రాశి చుట్టూ కూర్చునేవాళ్ళు. అందరిలోకీ పెద్దామె మాకు వరసకు పెద్దవ్వ. అందరికన్నా ఎక్కువ మాట్లాడేది రేడియో అక్క (ఊరంతా పెట్టిన పేరే, ఆమె కూడా పలికేది). మాటలు సాగితే తగాదా అయ్యేది, తగాదా అయితే చేతులు ఆగేవి. అందుకని అమ్మ ఒకరోజు నన్ను గడప మీద కూర్చోబెట్టి, ‘ఏదన్న సదువు బిడ్డా, ఈళ్ళ నోళ్ళు జర బందయితయి’ అంది. నాకు అప్పుడు పదిహేడేళ్ళు. కళ్ళు మూసుకుని ఇష్టదైవాన్ని తలచుకుని, గూఢచారి నవల తెరిచాను.

ఆ తర్వాత జరిగింది నేను ఊహించనిది. నోళ్ళు ఆగాయి, వేళ్ళు జోరందుకున్నాయి. ఆ నవలలో గూఢచారి ఎంత మామూలు మనిషంటే అద్దె ఇంటావిడకు కూడా అతని ముఖం గుర్తుండదు. సరిహద్దు ఊళ్ళో ఉల్లిగడ్డలు అమ్ముతూ శత్రువుల గుట్టు లాగుతుంటాడు. మా వాళ్ళు అతనికి ‘ఉల్లిగడ్డలాయన’ అని పేరు పెట్టుకున్నారు. అతను చిక్కుల్లో పడితే పల్లికాయలు టపటపా పగిలేవి, గండం తప్పితే అందరూ ఒక్క నిట్టూర్పు విడిచేవాళ్ళు. నాకు కష్టమైన చోటు ఒక్కటే, అతనూ, అతను మనసుపడ్డ ఒక రాయబారి కూతురూ ఏకాంతంగా ఉన్న పేజీలు. పూజగదికి ఎదురుగా కూర్చుని అవి పైకి చదవడానికి నాకు నోరు రాలేదు. ‘ఇక్కడ ఇద్దరూ మాట్లాడుకున్నారు’ అని చెప్పి రెండు పేజీలు తిప్పేశాను. రేడియో అక్క చెయ్యి ఆపకుండానే, ‘రెండు పేజీలు మాట్లాడిండ్రా? ఏం మాట్లాడిండ్రు?’ అంది. ‘దేశం సంగతి’ అన్నాను. ‘దేశానికి మంచిదే’ అంది పెద్దవ్వ.

మధ్యలో మార్పు కోసం ఒక జానపద నవల కూడా చదివాను. అందులో ఏడు తలల గద్ద ఉంది, చెరువు అడుగున కోట కట్టుకున్న రాక్షసి ఉంది. రాక్షసి పళ్ళు ఎట్లా ఉంటాయి, నడక ఎట్లా ఉంటుంది అని చదువుతుంటే ఒక్కొక్కరూ ఒక్కొక్క చోట గట్టిగా తల ఊపేవాళ్ళు. తర్వాత తెలిసింది, రేడియో అక్క రాక్షసి అచ్చం వాళ్ళ అత్తలా ఉందట, ఇంకొకావిడ రాక్షసి పూనాలో పనికి పోయినప్పటి మేస్త్రీ భార్యలా ఉందట. పెద్దవ్వ మాత్రం తన రాక్షసి ఎవరో చెప్పలేదు. ‘ఇప్పుడు లేదు లే, పాపం’ అని ఊరుకుంది.

ఇలా సుఖంగా సాగుతుండగా మా చిన్నాయన నాగర్‌కర్నూల్ నుంచి టీవీ, సీడీ ప్లేయరు తెచ్చాడు. మా నాయిన ఏడాదిలో ఎక్కువ రోజులు పూనా వైపు పనుల మీదే ఉండేవాడు కాబట్టి ఇంటికీ చేనుకూ చిన్నాయనే పెద్ద. మనసు మంచిదే. కానీ కొత్త వస్తువు ఇంట్లోకి వస్తే పాతది బయటికి పోవాలన్నది ఆయన పద్ధతి. టీవీ ఎక్కడ పెట్టాలా అని ఇల్లంతా తిరిగి చివరికి అమ్మ పెట్టె ముందు నిలబడ్డాడు. ‘వదినా, గీ పెట్టె తీస్తే బల్ల సక్కగ పడ్తది. తెలకపల్లి బజ్జీలాయన పాత పుస్తకాలు అడుగుతుండు, పొట్లాలకు. ఎల్లుండి వచ్చి తీస్కపోతడు’ అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. కొంగుతో పెట్టె మూత ఒకసారి తుడిచి వంటింట్లోకి పోయింది. ఎంత బాధ కలిగినా అమ్మ అంతకుమించి ఏమీ అనదు.

‘మరి పల్లికాయ ఒలిచేటప్పుడు ఏం చదవాలి చిన్నాయనా?’ అన్నాను. ఆయన సంచిలోంచి రెండు సీడీలు తీసి చూపించాడు. నేను చదువుతున్న ఆ గూఢచారి నవలా, ఆ ఏడు తలల గద్దా, రెండూ సినిమాలే. ‘నువ్వు పది దినాలు గొంతు ఎండవెట్టుకునేది రెండున్నర గంటల అయిపోతది బిడ్డా. రేపు ఈళ్ళకు సినిమా ఏస్త. నీ సదువు కంటే పని ఎక్కువైతే పెట్టె పోతది, తక్కువైతే పెట్టె ఉంటది. సరేనా?’ అన్నాడు. ఆయన ముఖంలో అనుమానమన్నది లేదు. నేను సరేనన్నాను, వేరే దారి ఏముంది. ఆ సాయంత్రం దీపం ముందు చాలాసేపు కూర్చున్నాను. కరెంటు తీసేయమని దేవుణ్ణి అడగడం న్యాయం కాదు. కాబట్టి, ‘నీకు తోచినట్టు చెయ్యి స్వామీ, కానీ కరెంటు సంగతి కూడా నీ చేతిలోనే ఉందని గుర్తుంచుకో’ అని మాత్రం అన్నాను.

మర్నాడు, నిత్యం చెప్పాపెట్టకుండా పోయే కరెంటు, ఒక్క క్షణం కూడా పోలేదు. దేవుడి లెక్క వేరే ఉందని అప్పుడు తెలియక నేను ఆయన మీద కాస్త అలిగాను కూడా. సినిమా సంగతి తెలిసి పిలవని ఇరుగుపొరుగు కూడా వచ్చి రాశి చుట్టూ కూర్చున్నారు. ముందు ఏడు తలల గద్ద. తెర మీద అది ఎగురుతుంటే మెడల మధ్యనుంచి తాళ్ళు కనిపించాయి. ‘ఏడు తలలల్ల నాలుగే తిరుగుతున్నయ్, మూడు నిద్రవోయినయా?’ అంది రేడియో అక్క. రాక్షసి వచ్చింది, పెదాలకు ఎర్రరంగు, చెవులకు జూకాలు. ‘గిదేంది, పెండ్లికి పొయ్యేటట్టుంది. మా అత్త ముంగట ఇదెంత’ అని రేడియో అక్క ఒక్కమాటలో కొట్టిపారేసింది. నిన్నటిదాకా వాళ్ళకు తలా ఒక రాక్షసి ఉండేది. ఆ పూట అందరికీ కలిపి ఒక్కతే మిగిలింది, అదీ ఎవరికీ భయం వేయనిది.

ఆ తర్వాత గూఢచారి. ఎర్రకోటు, నల్లకళ్ళద్దాలు, తెల్లగుర్రం మీద వచ్చాడు. ఒక పాట కూడా పాడాడు, కొండ మీద, అందరికీ వినపడేట్టు. పెద్దవ్వ చాలాసేపు చూసి, ‘కొడుకా, ఈయన ఉల్లిగడ్డలాయనకు ఏమైతడు?’ అంది. ‘ఆయనే ఈయన’ అన్నాడు చిన్నాయన. ‘దొంగతనంగ తిరిగేటోడు గింత ఎర్రకోటు ఏస్కుంటడా? మా మేకలపిల్లగాడు సుత గుర్తువడ్తడు’ అంది. చిన్నాయన, ‘సినిమా అట్లనే ఉంటది పెద్దవ్వా, జర చూడనియ్యి’ అన్నాడు. ఇంతలో నేను భయపడిన చోటు రానే వచ్చింది. గూఢచారీ, రాయబారి కూతురూ, వానా. రేడియో అక్క మెల్లగా నా వైపు తిరిగి, ‘ఓహో, దేశం సంగతి గిట్ల మాట్లాడుకుంటరా బిడ్డా’ అంది. నేను తల ఎత్తలేదు. అమ్మ వంటింట్లోంచి దగ్గింది, అది దగ్గు కాదని నాకు ఇప్పటికీ గట్టి నమ్మకం.

సినిమా అయిపోయింది. చిన్నాయన లేచి చూశాడు. పొట్టు గుట్ట రోజూ ఉన్నదానికన్నా ఎత్తుగా ఉంది. పెట్టె పోయినట్టే అనుకున్నాను. ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని, ‘చూసిండ్రా, సినిమా ఉంటే పిలవనోళ్ళు సుత వచ్చి పని జేస్తరు’ అన్నాడు. అమ్మ చాట పట్టుకుని వచ్చి, గింజలు ఎత్తుదామని చూసి, అలాగే నిలబడిపోయింది. గింజలు వేసే గంప అడుగు కనిపిస్తోంది. ‘గింజలేవి?’ అన్నాడు చిన్నాయన. సినిమా చూసే మనిషి కళ్ళు తెర మీద ఉంటాయి, చెయ్యి తన దారిన తాను కాయ ఒలుస్తుంది, ఒలిచినదాన్ని దగ్గరలో ఉన్న చోట వేస్తుంది. అందరికీ దగ్గరలో ఉన్నది నోరే. మిగిలిన కాసిని గింజల్లో కూడా సగం, చూడకుండా ఒత్తడంతో పొర చిట్లినవి. నవల చదివేటప్పుడు చెవి ఒక్కటే కథకు ఇవ్వాలి, కళ్ళూ చేతులూ విత్తనానికే ఉంటాయి. ఈ తేడా నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు, ఆ గంప అడుగున చూశాను. ‘యాడికి వోతయి కొడుకా, మా కడుపుల్ల మొలుస్తయి తియ్యి’ అంది పెద్దవ్వ. అప్పుడు గమనించాం, చిన్నాయన ఒడిలో కూడా పొట్టు ఉంది.

ఓడిపోయానని ఆయన అనలేదు. పెట్టె ఉంటుందనీ అనలేదు. నాకు రాత్రంతా పరేషాన్. పొద్దున్నే ఆడవాళ్ళు వచ్చి కూర్చున్నారు. ‘సినిమాల ఒంటికన్నోడు రాంగనే డప్పు కొట్టిండ్రు, వాడే ద్రోహి అని ఎవలకన్న తెలుస్తది. పుస్తకంల ఎవలు? సదువు బిడ్డా’ అన్నారు. చదివాను. చిన్నాయన మాకు వీపు పెట్టి కూర్చుని తాడు పేనుతున్నాడు. కథ ఆఖరికి వచ్చింది. ఉల్లిగడ్డలాయన తన దళంలోని ద్రోహి గది తలుపు తట్టాడు. తాడు పేనే చేతులు ఆగాయి. సరిగ్గా అప్పుడే వాకిట్లో సైకిలు ఆగింది, బజ్జీలాయన గోనెసంచులతో దిగాడు.

నాకు ఆ తెలివి ఎవరిచ్చారో గానీ, పుస్తకం మూసి, లేచి, అమ్మ పెట్టెలో పెట్టి మూత వేశాను. ‘ఏందది?’ అన్నాడు చిన్నాయన. ‘ఇది కూడా పెట్టెలోదే కదా చిన్నాయనా. పెట్టె పోతుంటే ఇది ఉంచుకోవడం న్యాయం కాదు’ అన్నాను. (లోపల భయమే, కానీ చదివి చదివి అలవాటైన గొంతు కాబట్టి మాటలు మాత్రం స్పష్టంగా వచ్చాయి.) రేడియో అక్క చేతిలో కాయ పక్కన పెట్టి, ‘తలుపు తీసింది ఎవలో తెల్వనిదే నేను ఒక్క కాయ ఒలవ’ అంది. పక్కనున్నవాళ్ళూ చేతులు కట్టుకున్నారు. చిన్నాయన నన్ను చూశాడు, రాశిని చూశాడు, ఆకాశంలో మబ్బును చూశాడు. తర్వాత బజ్జీలాయనతో, ‘ఇయ్యాల గాదు పోవయ్యా’ అన్నాడు. ‘మల్ల ఎప్పుడు రావాలె?’ అని అడిగాడాయన. ‘ద్రోహి దొరికినంక’ అన్నాడు చిన్నాయన. వంటింటి గుమ్మంలోంచి అమ్మ పెట్టె సంగతిలో మొదటిసారి నోరు విప్పి, ‘ఆ పెట్టెల ఇంకా మస్తుమంది ద్రోహులున్నరు’ అంది. బజ్జీలాయనకు ఏం అర్థమైందో గానీ మళ్ళీ రాలేదు. టీవీ బియ్యం డబ్బా మీద కూర్చుంది.

మిరుగు రాకముందే విత్తనమంతా తయారైంది. వాన పడ్డది, విత్తారు. కొన్నాళ్ళకు చిన్నాయన నన్ను చేను చూడ్డానికి రమ్మన్నాడు, ఎందుకో చెప్పలేదు. గట్టు మీద నిలబడితే ఎక్కడా బోసిచాలు లేకుండా, ఈ చివరినుంచి ఆ చివరిదాకా పల్లి మొలకలు సమంగా లేచి ఉన్నాయి. ఆయన వంగి ఒక మొలకను వేలితో తాకి, ‘మంచిగ సదివినవ్ బిడ్డా’ అన్నాడు. వానకూ, నేలకూ, పెద్దవ్వ బొటనవేలికీ, పైనున్న ఆయనకూ అందులో వాటా ఉందని నాకు తర్వాత తట్టింది, తట్టినప్పుడు అందరికీ మనసులోనే దండం పెట్టాను. కానీ ఆ పూట మాత్రం, ఆ చేనంతా నా గొంతు వల్లే మొలిచిందనుకుని, తల కాస్త పైకెత్తి నడుచుకుంటూ ఇంటికి వచ్చాను. ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. పిలిచి, అమ్మాయీ, అదంతా నీ గొప్ప కాదు అని చెప్పొచ్చు గానీ, ఎందుకో ఇన్నేళ్ళయినా మనసు రాలేదు.