ఖాతూన్‌బీ ఇచ్చీ ఇవ్వని ఇల్లు

పెంచుకున్న బిడ్డకు ఇల్లు దక్కాలంటే ఇన్ని తంటాలెందుకు? ఏళ్లుగా నన్ను వదలని ప్రశ్న ఇది.

ఎదురింటి సేటుగారి దత్తపుత్రుడు హిందూ చట్టం ప్రకారం సొంత కొడుకులాగే వారసుడు. పక్కింటి ఖాతూన్‌బీ పెంచిన రజియాకు మాత్రం షరియత్ ప్రకారం వారసత్వం లేదు. ఖాతూన్‌బీ బతికుండగానే ఇంటిని హిబాగా, అంటే దానంగా, అప్పగించాలి. లేకపోతే అది ఆమె తమ్ముడికి పోతుంది.

ఈ రోజు సాక్షుల ముందు ఖాతూన్‌బీ "ఇచ్చిన" అన్నది. అప్పగింత జరగందే హిబా చెల్లదు; ఇల్లు అప్పగించినట్టు తాళంచెవులు ఇమ్మంటే మాత్రం బొడ్లోంచి తీయలేదు.

"ఇయ్యి ఖాలా, రజియా నిన్నేమన్న ఎల్లగొడ్తదా?" అన్నాను.

"ఎల్లగొట్టది బిడ్డా. గని రేపటిసంది నా ఇంట్ల నేనే సుట్టాన్నైత గద!"

సాక్షులు చాయ్ తాగి వెళ్లిపోయారు. రజియా కప్పులు కడిగింది. నాకు ఒళ్లు మండింది.

మీరైతే ఎవరిని తిడతారో చెప్పండి. చట్టం మీద కోప్పడాలో, ఆ ముసలమ్మ మీద కోప్పడాలో నేనింకా తేల్చుకోలేదు.