రొయ్యల బండికి పక్క తలుపు

తప్పు నాదే. భీమవరం వెళ్ళి ఆ రొయ్యల ట్రాలీని టేపు పెట్టి కొలుచుకొచ్చింది నేనే. పొడవు కొలిచాను, ఎత్తు కొలిచాను, లోపల గోడకీ గోడకీ మధ్య వెడల్పు కొలిచాను. కారునీ అలాగే కొలిచాను. కారు తలుపు తెరిస్తే అది ఎంత దూరం వస్తుందో మాత్రం కొలవలేదు. దానివల్ల 2002 ఫిబ్రవరిలో ఒక శుక్రవారం పొద్దున్న రావులపాలెం మెకానిక్ దొరబాబు రెండున్నర గంటలసేపు రొయ్యల పెట్టెలో కూర్చున్నాడు. నేను లారీల వెనక అక్షరాలు రాసుకుని బతికేవాణ్ణి. అక్షరాలు నాకెవరూ నేర్పలేదు, లారీల వెనక చూసే నేర్చుకున్నాను. కొలతలు కూడా ఎవరూ నేర్పలేదని ఆ రోజు ఊరందరికీ తెలిసింది.

దొరబాబు షెడ్డు హైవే పక్కన, అరటి గెలల మార్కెట్‌కి ఎదురుగా ఉండేది. ఆయన స్పానర్లకి తుప్పు ఉండేది కాదు గానీ సొట్టలుండేవి. ఇనుము మంచిది కాదనేవాడు. విసిరితే ఏ ఇనుమైనా అంతే. ఆయన కోపం మనిషి మీద కాదు, చెడిపోయిన పని మీద. తగలడం మాత్రం మనుషులకే తగిలేది. ఒకసారి ఒక ట్రాక్టర్ డ్రైవరు ఆయిలు మార్చకుండా ఏడాది నడిపానని గొప్పగా చెబితే, ఆ ట్రాక్టర్‌కి చేతులెత్తి క్షమాపణ చెప్పి, డ్రైవర్‌ని షెడ్డులోకి రానివ్వలేదు.

ఆయనకి ఒక కారుండేది. చిన్న మోరిస్, స్వాతంత్ర్యానికి ముందుది. మండపేట దగ్గర మూతపడిన రైసుమిల్లులో దొరికింది. దొరికిన రోజు వెనక సీట్లో కోడి గుడ్లు పొదుగుతూ ఉంది. కోడి దిగేదాకా మూడు వారాలు ఆగి మరీ తెచ్చుకున్నాడని ఆయన భార్య పాపాయి చెబుతుంది. ఆ తర్వాత పన్నెండేళ్ళు ఆదివారాలన్నీ దానికే పోయాయి. కుడివైపు మడ్‌గార్డ్ సగం తుప్పు తినేసి ఉంటే, మిగతా సగాన్ని రేకు మీద సుత్తితో కొట్టి కొట్టి తయారుచేసి అతికించాడు. ఆ అతుకు ఎక్కడుందో ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు. బాధేమిటంటే ఎవరూ అడగలేదు కూడా. కారు చూడ్డానికి వచ్చిన ప్రతివాడూ ఒకటే అడిగేవాడు.

"లీటరుకి ఎంతిస్తుందండి?"

అలా అడిగినవాణ్ణి ఆయన గేటు దాకా తరిమేవాడు.

అలాంటి మనిషికి విశాఖపట్నంలో ఆదివారం పాత కార్ల ప్రదర్శన ఉందని కబురొచ్చింది. కార్ల గురించి తెలిసినవాళ్ళు వస్తారు. వాళ్ళలో ఒక్కడు ఆ మడ్‌గార్డ్ ముందు వంగి అతుకు కోసం వెతకాలి, వాడికది దొరక్కపోవాలి. దొరబాబుకి కావలసింది అంతే. బహుమతి ఇచ్చినా షెడ్డులో పెట్టుకోడానికి చోటు లేదన్నాడు.

అయితే అప్పుడు హైవేని నాలుగు వరసలు చేస్తున్నారు. దారి పొడవునా కంకర, టిప్పర్లు, ఎర్రమట్టి. ఒక్క రాయి ఎగిరి తగిలితే పన్నెండేళ్ళు పోయినట్టే. అందుకని కారుని నాలుగు వైపులా మూసిన బండిలోనే తీసుకెళ్ళాలని పట్టుబట్టాడు. ఆ మాట బయటికి రాగానే సలహాలు మొదలయ్యాయి. ముందు అరటి లారీ చిట్టియ్య వచ్చాడు.

"చుట్టూ మెత్తగా అరటాకులు పేర్చి, పైన టార్పాలిన్ కట్టేస్తాను బావా. పెళ్ళికూతుర్ని తీసుకెళ్ళినట్టు తీసుకెళ్తాను."

"నాలుగేళ్ళ కింద నా స్కూటర్ తీసుకెళ్ళావు, గుర్తుందా?"

"తీసుకెళ్ళాను. దింపాను కదా."

"సీటు మీద నీ అరటి మరకలు ఇంకా ఉన్నాయి. కిరోసిన్‌తో కడిగాను, పెట్రోల్‌తో కడిగాను. పోలేదు. ఆ సీటు మీద కూర్చున్నప్పుడల్లా నిన్ను తిట్టుకుంటాను. నీకు ఎక్కిళ్ళు రావట్లేదా?"

"నేను సారా మానేసినా ఎక్కిళ్ళెందుకొస్తున్నాయా అనుకుంటున్నాను" అన్నాడు చిట్టియ్య.

తర్వాత కోళ్ళ దాణా తోలే మూత లారీ ఒకటి చూశాం. దాని నేల మనిషి ఛాతీ ఎత్తున ఉంది. దొరబాబు లారీ అంచు నుంచి నేలకి ఏటవాలుగా దారం కట్టి, దాని పక్కన కారు పొట్ట ఎక్కడ తగులుతుందో చూపించాడు. పలకల మీద ఎక్కిస్తే సరిగ్గా మధ్యలో ఇరుక్కుని తూగుటుయ్యాల ఊగుతుందట. సామాన్లు తోలే ఇంకో బండికి లోపల కట్టుకోడానికి ఒక్క కొక్కెం లేదు. "కారేమన్నా బీరువా అనుకున్నావా, గోడకి చేరేసి వదిలెయ్యడానికి?" అని దాని ఓనర్ మీద పడ్డాడు. మూడోదానికి పైకప్పులో చిల్లులున్నాయేమో చూడమని మిట్టమధ్యాహ్నం నన్ను లోపల పెట్టి తలుపేశాడు.

"చుక్కలేమన్నా కనిపిస్తున్నాయా?" అని బయట్నుంచి అరిచాడు.

"అరుంధతి ఒక్కటే కనబడట్లేదు బాబాయ్."

తలుపు తియ్యడానికి పావుగంట పట్టింది. గడియ పట్టేసిందన్నాడు గానీ నేను నమ్మలేదు.

ఇరవై రోజులు అలా గడిచాక శ్రీనివాసరాజుగారి ట్రాలీ సంగతి తెలిసింది. ఆయనకి భీమవరం దగ్గర రొయ్యల చెరువులు. రోగమొచ్చి రెండు పంటలు పోయాక ట్రాలీ ఖాళీగా పడుంది. జీపు వెనక తగిలించి లాక్కెళ్ళేది. ట్రేలు ఎత్తే ఆడవాళ్ళ నడుములు పడిపోకుండా నేల బాగా కిందకి కట్టించారు. వెనక తలుపు కిందకి దించితే అదే ర్యాంప్. రెండు జతల చక్రాలు, సొంత బ్రేకులు, నేల మీద ట్రేలు బిగించే కొక్కేలు. గోడలు నాలుగంగుళాల మందం, మధ్యలో థర్మాకోల్. దుమ్ము కాదు గదా, ఎండ కూడా లోపలికి రాదు. దొరబాబు ఫోన్‌లో మాట్లాడాడు.

"ఎంత పడుతుందండీ?"

"రెండొందల ట్రేలు పడతాయండి."

"అది కాదండి. కారు పడుతుందా అని."

"మీ కారు ఎన్ని ట్రేలుంటుందండి?"

దొరబాబు ఫోన్ పెట్టేసి ఫోన్‌నే తిట్టాడు. అప్పటికి కారు బ్రేకులు విప్పి ఉన్నాయి, తను కదలడానికి లేదు. అందుకని టేపు నా చేతికిచ్చి పంపాడు. నేను కొలిచి వచ్చి, "అటు ఎనిమిది అంగుళాలు, ఇటు ఎనిమిది అంగుళాలు ఖాళీ ఉంటుంది బాబాయ్, దర్జాగా పడుతుంది" అన్నాను. ట్రాలీ వచ్చాక మూడు రోజులు చింతపండుతో, సున్నంతో కడిగి, సాంబ్రాణి వేశాం. చివరికి సాంబ్రాణి వేసిన రొయ్యల వాసన వచ్చింది.

శుక్రవారం పొద్దున్న తొమ్మిదింటికి దొరబాబు కారులో కూర్చుని, ర్యాంప్ మీదుగా, ఒక్క అంగుళం అటూ ఇటూ పోకుండా లోపలికి ఎక్కించాడు. మార్కెట్ కూలీలు కూడా చప్పట్లు కొట్టారు. ఇంజను ఆపాడు. లోపల కారు తలుపు గోడకి తగిలిన చప్పుడు. మళ్ళీ అదే చప్పుడు. ఆ తర్వాత చాలా నెమ్మదిగా, "ఒరే పెయింటరూ" అని పిలుపు.

ఆయన నెమ్మదిగా పిలవడం నేనెప్పుడూ వినలేదు. అందుకే దగ్గరికి వెళ్ళలేదు.

"టేపు పట్టుకున్నప్పుడు నీ బుర్ర ఎక్కడుందిరా? మనిషి దిగాలని తోచలేదా? ఎనిమిది అంగుళాల్లోంచి ఈ పొట్టేసుకుని నేనెలా దిగుతాను, ఆవిరై దిగుతానా?"

నిజం చెప్పాలంటే నాకే కాదు, ఎవరికీ తోచలేదు. ఇరవై రోజులు బళ్ళు చూసినవాళ్ళం, తలుపు సంగతి ఒక్కరం కూడా అనుకోలేదు. మా వైపు మూసిన బండిలో వెళ్ళేవి రొయ్యలు, చేపలు, ఐసు. వాటిలో ఏదీ తలుపు తీసుకుని దిగదు. ఈ మాట ఆయనతో అంటే ఇంకో రోజు లోపలే ఉండేవాడు, నన్ను తిట్టడానికి.

"రివర్స్ చేసి వచ్చెయ్యి బావా" అన్నాడు చిట్టియ్య. "లోపల మనిషి లేకుండా తోసి ఎక్కిద్దాం."

"స్టీరింగ్ మీ తాతొచ్చి పట్టుకుంటాడా? హ్యాండ్‌బ్రేక్ ఎవరు వేస్తారు? అక్కడ దింపేటప్పుడు ర్యాంప్ మీద బ్రేకు ఎవరు తొక్కుతారు? సముద్రంలోకి వదిలేద్దామా?"

"పోనీ ఇంకో బండి చూద్దాం."

"ఎల్లుండి ప్రదర్శన. ఇరవై రోజుల్లో దొరకనిది ఇవాళ దొరుకుతుందా? గోడ కొయ్యండి. ఇక్కడ, నా తలుపు పక్కన. నేను మాత్రం కదలను. కదిలితే తలుపు ఎక్కడికొస్తుందో గుర్తు పోతుంది."

ట్రాలీ ఆయనది కాదు. నేను పక్కనున్న ఎస్టీడీ బూత్‌కి పరిగెత్తి భీమవరం ఫోన్ చేశాను.

"నా ట్రాలీ కోస్తానంటున్నాడా?" అన్నారు శ్రీనివాసరాజుగారు.

"మధ్యలో కాదండి. పక్కనే."

"పెట్టుకోడానికిచ్చానా, కోసుకోడానికిచ్చానా? రొయ్యల బండికి పక్క తలుపు ఎక్కడన్నా ఉంటుందా?"

నేను వెనక్కి పరిగెత్తి ఆ మాట చెప్పాను. "రొయ్యలకి దిగే పని లేదు, నాకుందని చెప్పు" అన్నాడు దొరబాబు లోపల్నుంచి. మళ్ళీ పరిగెత్తి ఆ మాట అక్కడ చెప్పాను. రాజుగారు నవ్వినట్టే వినిపించింది.

"సరే, కొయ్యమను. కానీ ఆ తలుపు వేస్తే ఐసు కరక్కూడదు. కరిగిందంటే మాత్రం ఈసారి నా ఐసు ఆయన కారులో తోలతాను. అలాగే చెప్పు."

అలాగే చెప్పాను. దాంతో దొరబాబుకి అసలు కోపం వచ్చింది. అప్పటిదాకా వచ్చింది కోపమే కాదని అప్పుడు తెలిసింది.

"నేను పెట్టిన తలుపులోంచి ఐసు కరుగుతుందా? నేను పెట్టిన తలుపులోంచా?"

పని మొదలైంది. ఆయన కిటికీలోంచి చెయ్యి చాపి స్క్రూడ్రైవర్ పిడితో గోడ మీద కొట్టేవాడు. చిట్టియ్య బయట గోడకి చెవి ఆనించి, చప్పుడు వచ్చినచోట వేలు పెట్టేవాడు. నేను సుద్దతో గుర్తు పెట్టేవాణ్ణి. చిట్టియ్య గ్యాస్ కటింగ్ మాటెత్తాడు.

"థర్మాకోల్ అంటుకుంటే నేను లోపలున్నాను. ఆ స్కూటర్ సీటు గొడవ ఇవాళతో తీర్చుకుందామనుకుంటున్నావా?"

ఉలితో, రంపం బ్లేడుతో కోశాం. మధ్యలో పాపాయి టీ గ్లాసు పట్టుకుని వచ్చింది. సన్నటి మనిషి, గోడకీ కారుకీ మధ్య పక్కవాటుగా జరిగి వెళ్ళి కిటికీలోంచి అందించింది.

"ఏమయ్యా, మధ్యాహ్నం భోజనం కూడా ఇక్కడికే తెమ్మంటావా? ఇంట్లో చాలా ప్రశాంతంగా ఉంది."

"నువ్వు కూడా మొదలెట్టకు."

"నేనెక్కడ మొదలెట్టాను. కోడి మూడు వారాలుంది ఈ కారులో, కిక్కురుమనలేదు. నువ్వు గంటకే ఊరంతా లేపావు."

పదకొండున్నరకి గోడ ముక్క ఊడింది. కారు తలుపు ఆ కంతలోంచి పూర్తిగా బయటికి తెరుచుకుంది. దొరబాబు ఒంటి నిండా థర్మాకోల్ పూసలతో దిగి, సరాసరి నా దగ్గరికి వచ్చాడు. కొడతాడనుకున్నాను. టేపు నా చేతిలో పెట్టి, సాయంత్రంలోగా ఈ వీధిలో ఉన్న ప్రతి తలుపూ తెరిస్తే ఎంత దూరం వస్తుందో కొలిచి రాసుకురమ్మన్నాడు. ఇళ్ళూ, కొట్లూ, బూత్ తలుపూ, పాపాయి బీరువా కూడా. నూట నలభై ఒక్క తలుపులు. ఎందుకని అడిగిన ప్రతి ఇంట్లోనూ జరిగిందంతా చెప్పాల్సి వచ్చింది. దెబ్బలే నయం.

చీకటి పడేలోగా ఆయన కోసిన ముక్కనే తలుపుగా మార్చాడు. పాత బస్సు అద్దం చుట్టూ ఉండే రబ్బరు తీసి అంచుకి బిగించాడు. మూస్తే మెత్తగా చప్పుడైంది, కాగితం కూడా దూరలేదు. తర్వాత స్నానానికి వెళ్ళాడు. నూట నలభై ఒక్క తలుపుల కసి నాకూ ఉంది. మూసిన ర్యాంప్ వెనక వైపు, ఎర్ర రంగుతో, రెండు వరసలు రాసేశాను.

శనివారం తెల్లవారుజామున బయల్దేరాం. దొరబాబు జీపులో ముందు కూర్చున్నాడు. రాజమండ్రి దాటిన దగ్గర్నుంచి వెనకొచ్చే ప్రతి లారీ హారన్ కొట్టడమే. ఆయన తల బయటపెట్టి ఒక్కొక్కణ్ణీ తిట్టాడు. తుని దాకా తిట్టి గొంతు పోయింది. తర్వాత చేతులతో తిట్టాడు.

ఆదివారం పొద్దున్న ర్యాంప్ నేనే దించాను. దొరబాబు ట్రాలీ పక్క తలుపు తీసి, కారులో కూర్చుని, వెనక్కి దింపాడు. ఒక్క గీత లేదు. పదింటికి తెల్ల టోపీ పెట్టుకున్న పెద్దాయన ఒకరు వచ్చి, కుడివైపు మడ్‌గార్డ్ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. వేలితో తడిమారు. గోటితో కొట్టి విన్నారు. కళ్ళజోడు మార్చుకుని మళ్ళీ చూశారు.

"ఇది కారుతో వచ్చిందేనా అండి, అతుకేమన్నా ఉందా?"

"మీరే చూసి చెప్పండి" అన్నాడు దొరబాబు, పోట్లాటకి దిగినట్టు.

ఆయన ఇంకో పది నిమిషాలు వెతికారు. "నాకైతే కనిపించట్లేదు" అన్నారు లేచి.

"ఉంది."

"ఎక్కడ?"

"అది చెప్పనండి."

ఆ రోజంతా దొరబాబు ఎవరినీ తిట్టలేదు. లీటరుకి ఎంతిస్తుందని ఒకడు అడిగినా ఊరుకున్నాడు. నాకే భయమేసింది.

సాయంత్రం కారు మళ్ళీ ఎక్కించి, పక్క తలుపులోంచి దిగి, ర్యాంప్ ఎత్తి మూశాడు. పొద్దున్నుంచీ ఆ వైపు నేలకి ఆని ఉంది. ఇప్పుడు ఎర్ర అక్షరాలు సరిగ్గా ఆయన మొహానికి ఎదురుగా వచ్చాయి.

లోపల దొరబాబు ఉన్నాడు.
హారన్ కొట్టండి.

రెండుసార్లు చదివాడు. తుని దాకా తిట్టిన లారీలన్నీ గుర్తొస్తున్నట్టు మొహం మారింది. నేను టర్పెంటైన్ సీసా, గుడ్డ ముందే చేతిలో పట్టుకుని ఉన్నాను.

"చెరిపెయ్యనా బాబాయ్?"

"చెరపకు. కింద ఇంకో వరస రాయి. కొలతలు తెలియని వెధవ బయట ఉన్నాడు, చూసి నడపండి అని."