నాలుగు మడతల గుడ్డ

దొరల పాలన నాటి మాట. కడపకు దగ్గర్లోని మా నేతగాళ్ల వీధిలో ఎండాకాలం వస్తే నారికురుపు తప్పేది కాదు. కాలి మీద బొబ్బ లేచి, పగిలి, అందులోంచి తెల్లటి దారం లాంటి పురుగు తల బయటపెట్టేది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకు కొంచెం లాగాలి. తెగిందంటే కాలు చీముపట్టి వంకరపోతుంది. ఆ మనిషి ఇక మగ్గం గుంటలో కూర్చుని తొక్కి నేయలేడు.

ఒకసారి మిషన్ ఆస్పత్రిలో పనిచేసే కిరస్తానీ అవ్వ చీర కొనడానికి మా ఇంటికొచ్చింది. దాహానికని నేనిచ్చిన నీళ్లను కొంగు నాలుగు మడతలు వేసి వడగట్టుకుని తాగింది. నాకు ఒళ్లు మండింది. మా నీళ్లు అంత మైలగా ఉన్నాయా అని అడిగేశాను. ఆమె కోప్పడలేదు. కుచ్చెళ్లు పైకెత్తి వంకరపోయిన మోకాలు చూపించింది.

"దిగుడుబావి నీళ్లల్లోనే ఉంటాదమ్మా ఆ పురుగు. కంటికి ఆనదు. తాగిన ఏడాదికి గానీ బయటపడదు. నాకు ఎవురూ చెప్పల్యా. అందుకే పోయిన చోటల్లా చెప్తాండా."

ఆ రోజు నుంచి నేనూ వడగట్టాను. పక్కింటి అత్తకు చెప్పాను, వీధి చివర ఉండే నా స్నేహితురాలికి చెప్పాను. ఎదురింటామెకు మాత్రం చెప్పలేదు. చెప్పొద్దని వాళ్లిద్దరి చేతా ఒట్టు కూడా వేయించుకున్నాను. ఒకసారి వీధిలో ఎదురింటివాళ్లు పడుగు నూలు సాచేటప్పుడు నేను గడప దాటి వస్తే, ఆమె "గొడ్రాలు ఎదురొస్తే పోగులు నిలుస్తాయా?" అని నలుగురిలో అంది. పిల్లల్లేని నాకు ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. చేసుకున్నవాళ్లకు చేసుకున్నంత అనుకున్నాను. మంచిమాట చెప్పడానికి దయ ఉంటే చాలంటారు. నా దయ మనిషిని చూసి వచ్చేది.

మరుసటి ఎండాకాలం మా మూడిళ్లలో ఎవరికీ కురుపు లేవలేదు. ఎదురింటాయనకు లేచింది. ఆయన నన్ను ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. ఒక మధ్యాహ్నం ఆమె తనంతట తానే మా గడప దగ్గరకొచ్చి నిలబడింది.

"మీ మూడిండ్లల్లో ఎవురికీ లేదే. ఏం చేస్తాండారక్కా?"

మాట నోటిదాకా వచ్చింది.

"ఏముండాది, దేవుని దయ" అన్నాను.

ఆ ఏడు ఆయన కురుపు మానింది. పై ఏడు రెండో కాలికి లేచింది, లాగుతుంటే తెగింది. మోకాలు ముడుచుకుపోయి మళ్లీ సాగలేదు. ఎదురింటి మగ్గం చప్పుడు ఆగిపోయింది. తెల్లారి లేస్తే నా చెవులు ఆ చప్పుడు కోసమే వెతికేవి. రెండు నెలలు కూడా ఓర్చుకోలేక, పోయి అంతా చెప్పేశాను. ఆమె అడిగిన రోజున దాచిన సంగతి కూడా చెప్పాను.

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె మగ్గం మీద సగంలో నిలిచిపోయిన చీరను తడిమింది.

"గుడ్డేనా అక్కా?" అంది. "మా ఇంట్లో గుడ్డకు కరువా?"