దించిన శ్రుతి

ఫోన్‌లో కొత్తవాళ్లెవరైనా నన్ను ముందు "మేడం" అంటారు. గ్యాస్ ఏజెన్సీ వాళ్లు, కొరియర్ వాళ్లు, ప్రోగ్రాం మాట్లాడుకోవడానికి చేసేవాళ్లు కూడా. సరిదిద్దడం మానేసి చాలా ఏళ్లయింది. కాసేపటికి వాళ్లకే అనుమానం వచ్చి, "సార్ లేరా మేడం?" అని అడుగుతారు. "సారే మాట్లాడుతున్నడు" అంటే అవతల నవ్వు ఆపుకోవడం వినిపిస్తుంది.

మాది మహబూబాబాద్ దగ్గర ఒక తండా. ఇంట్లో మా భాష వేరు. తెలుగు బడికి పోయాక నేర్చుకున్నాను. మా భాషలో అమ్మను యాడి అంటాం. మా యాడి మిరప చేనుకు ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివర పనిచేసేవాళ్లంతా తల ఎత్తేవాళ్లు. గొంతు ఆమెదే వచ్చిందని మా వాళ్లందరూ అంటారు. హాస్టల్‌లో నా తోటివాళ్లకు గొంతులు బొంగురుపోయి మగాళ్ల గొంతులయ్యాయి. నాది కొంచెం దిగి అక్కడే ఆగిపోయింది. వాళ్లు నన్ను ఎన్ని రకాలుగా ఏడిపించారో ఇప్పుడు రాయాలని లేదు. ఒక్కటి మాత్రం వాళ్లే ఒప్పుకునేవాళ్లు. సినిమా పాటల్లో చరణం చివర గాయకుడు గొంతెత్తి పైకి పోయే చోట మిగతావాళ్లంతా ఆగిపోతే నేను ఒక్కణ్నే పాడేవాణ్ని. నాకది కష్టంగా ఉండేది కాదు. మామూలుగా మాట్లాడటమే నాకు కష్టంగా ఉండేది.

ఇరవైల్లో కొన్నాళ్లు హైదరాబాదులో కోరస్ పాడాను. స్టూడియోలో మమ్మల్ని నిలబెడుతూ ఒకాయన "టెనర్లు ఈ మైకు దగ్గరికి రండి" అన్నాడు. నాకు అర్థం కాక అక్కడే నిలబడ్డాను. ఆయన నా భుజం పట్టుకుని జరిపాడు. మగ గొంతుల్లో పైస్థాయిలో పాడేవాటికి ఆ పేరు ఉందని అలా తెలిసింది. ఆ రోజు చాలా సంతోషపడ్డాను. అంతవరకు నా గొంతుకు ఆడగొంతు అన్న పేరు తప్ప వేరే పేరు లేదు. అయితే కోరస్‌లో నిలబడ్డవాళ్లు ముందుకు రావడం అంత తేలిక కాదని కూడా అక్కడే తెలిసింది. తిరిగొచ్చేశాను.

జనగామలో ఒక పెళ్లిలో పాడుతుంటే కీబోర్డు వాయించే ఆయన పరిచయమయ్యాడు. ఆయనది లింగాల ఘనపూర్ దగ్గర ఊరు. నాకంటే పదేళ్లు పెద్ద. పాట అయిపోయాక కీబోర్డు వదిలి నా దగ్గరికి వచ్చి, "గిసువంటి గొంతు ఈ చుట్టుపక్కల ఎవ్వలకు లేదు తమ్మీ. నాతోని ఉండు" అన్నాడు. అప్పటి నుంచి అన్నతోనే ఉన్నాను. ఆయన కీబోర్డు, ఇంకొకతను రిథం ప్యాడ్లు, నేను. కొన్నేళ్ల తర్వాత జనగామలో ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పే ఒకామె మాతో పాడటానికి వచ్చింది. నన్ను అన్నా అంటుంది, నేను చెల్లె అంటాను. పెళ్లిళ్లు, గణపతి మండపాలు, పదవీ విరమణ సభలు, ఏవి దొరికితే అవి. వ్యాన్‌లో స్పీకర్ల మధ్య కూర్చుని జనగామ నుంచి కాటారం దాకా ఎన్నిసార్లు పోయి వచ్చామో. జనరేటర్ పొగ, స్టేజి మీద వదిలే తెల్లపొగ, చల్లారిన బగారన్నం. పాడుతున్నప్పుడు జనం తింటుంటారు. అయినా పాట పైకెక్కే చోట కొందరు చేతిలో ముద్ద ఆపి తల ఎత్తుతారు. నేను ఆ ఒక్క చోటు కోసమే పాడేవాణ్ని.

నలభై దాటాక పొద్దున్నే గొంతు లేవడం మానేసింది. వేడినీళ్లు, మిరియాలు, ఆవిరి, అన్నీ చేస్తేగాని మాట సరిగా వచ్చేది కాదు. కానీ సాయంత్రం స్టేజి ఎక్కితే పై స్వరాలు ఎప్పటిలాగే అందేవి. నాతోపాటు మొదలుపెట్టినవాళ్లు ఒక్కొక్కరే పాటలు వదులుకుంటున్నారు. నేను ఒక్క పాట కూడా వదల్లేదు. ఆ గర్వం నాకు ఉండేది.

ఈ ఎండాకాలం అన్న బాత్‌రూంలో జారిపడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. పట్టీ కట్టారు. అప్పటికే భూపాలపల్లిలో ఒక ప్రోగ్రాం ఒప్పుకొని ఉన్నాం. బొగ్గు బాయిలో, అంటే గనిలో, పనిచేసి రిటైరవుతున్న ఒకాయన ఫంక్షన్. కీబోర్డుకు మనిషి దొరకలేదు. హనుమకొండ నుంచి ఒకతను ల్యాప్‌టాప్‌లో పాటల ట్రాకులు పెట్టుకొని వచ్చాడు. వాద్యాలన్నీ అందులోనే ఉంటాయి, మనం పాడితే చాలు.

మొదటి పాట నుంచే గొంతు బిగుసుకుపోయినట్టు అనిపించింది. ఎండకు, దారిలో మింగిన దుమ్ముకు అనుకున్నాను. మూడో పాట ఆ రిటైరయ్యే ఆయన అడిగింది. మెడలో దండలతో స్టేజి మెట్ల దగ్గరికి వచ్చి, "బాయి దిగేటప్పుడు పాడుకునేది తమ్మీ, జర పాడు" అన్నాడు. ఎన్ని వందలసార్లో పాడిన పాట. పల్లవి ఎలాగో గడిచింది. చరణం చివర గొంతెత్తాను. గొంతు రెండుగా చీలి కీచుమంది. వెనక వరుసల్లో ఎవరో ఈల వేశారు. మళ్లీ అందుకోబోయాను. ఈసారి అసలు శబ్దమే రాలేదు, గాలి వచ్చింది. పక్కన చెల్లె నా వైపు ఒకసారి చూసి ఆ వరుస తను అందుకొని పాట పూర్తి చేసింది. ప్యాడ్లు వాయించే అతను తల వంచుకొని తన పని తను చేస్తున్నాడు.

ఆ పెద్దాయనే నీళ్ల సీసా తెచ్చి ఇచ్చాడు. "నాకైతే నాలుగు మెట్లెక్కితే ఆయాసమొస్తది. కూసో, కూసో" అన్నాడు. ఆ మర్యాదకు నాకు ఇంకా సిగ్గేసింది.

దిగి ల్యాప్‌టాప్ అతని దగ్గరికి పోయాను. "ట్రాకు శ్రుతి పెంచినవా?" అని అడిగాను.

"లేదన్నా. ఒరిజినల్ స్కేలే."

"కాదు. ఇది పైకుంది. నేను ఎన్నేండ్ల సంది పాడుతున్ననో నీకెరుకేనా?"

అతను ఫోన్ తీసి అసలు పాట పెట్టి ఒక ఇయర్‌ఫోన్ నా చెవిలో పెట్టాడు. రెండో చెవిలో ట్రాకు వినిపించాడు. రెండూ ఒకటే.

స్టేజి వెనక నీళ్ల క్యాన్ల పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. చెల్లె వచ్చి పక్కన కూర్చుంది. చాలాసేపు చీర కొంగు మడతపెడుతూ ఉండి, "అన్నా, నీకు నిజంగనే తెల్వదా?" అంది.

"ఏంది?"

"అన్న దించుతడు గదా. కీబోర్డు మీద."

కీబోర్డుకు ఒక మీట ఉంటుంది. దాన్ని నొక్కితే వాయించే వేళ్లు ఎప్పటి చోటే ఉంటాయి, శ్రుతి మాత్రం కిందికో పైకో జరుగుతుంది. వాయించేవాళ్ల చేతులు చూసి ఏమీ కనిపెట్టలేం. ఏ వాద్యమూ లేకుండా శ్రుతి గుర్తుపట్టేంత చెవి నాకు లేదు. ముందు మోగే స్వరాన్ని పట్టుకొని పాడటమే నాకు తెలిసింది.

"ఎంత దించుతడు?"

"మొదలు అర శ్రుతి దించిండు. తర్వాత ఒకటి. పోయిన దసరా సంది ఒకటిన్నర."

"నీకెట్ల తెలిసింది?"

"నాకు కిందికి అందది గదన్నా. మనిద్దరి పాటలల్ల నా లైన్లు గొణిగినట్టే అయితయి. ఒకసారి మా బడి పిల్లల తల్లి అన్నది, టీచరమ్మా మీ గొంతు లేస్తలేదేందని."

"మరి చెప్పొద్దా?"

"అన్న ఒట్టేయించుకున్నడు" అంది. నా మీద జాలి కంటే అలసటే ఎక్కువగా ఉంది ఆ మాటలో. ఇన్నేళ్లు నా పాట నిలబెట్టడానికి ఆమె తన పాట కిందికి దించుకుంది. ఆ సాయంత్రం మిగిలిన పాటలన్నీ ఆమే పాడింది. ఆ ట్రాకుల మీద ఆమె గొంతు ఎంత బాగుందో విన్నాను.

మరుసటి రోజు పొద్దున బస్సులో హనుమకొండ, అక్కడి నుంచి జనగామ, తర్వాత ఆటోలో అన్న వాళ్ల ఊరు. దారంతా ఏం అడగాలో అనుకుంటూనే ఉన్నాను. అన్న వాకిట్లో మంచం మీద కూర్చొని పట్టీ కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకున్నాడు. చెల్లె రాత్రే ఫోన్ చేసి చెప్పినట్టుంది, నా మొహం చూడగానే, "తెలిసిందా?" అన్నాడు.

"ఎందుకు దించినవే?"

"నీ గొంతు దిగింది కాబట్టి."

"నాకు చెప్పాల్నా వద్దా?"

"చెప్తే ఇంటుంటివా? వద్దంటుంటివి. పైకే పోతనంటుంటివి. నిన్న చీలిన గొంతు ఐదేండ్ల కిందనే చీలుతుండె."

"నా గొంతు సంగతి మీ అందరికెరుక. నాకొక్కనికే తెల్వదు."

అన్న దిండు మీది చెయ్యి సర్దుకుంటూ అన్నాడు: "పాట అయినంక నువ్వు మైకు పెట్టి నా దిక్కు చూస్తవు సూడు, అందిందన్నట్టు. ఆ చూపు చూసి ప్రతిసారి రేపు చెప్పొచ్చులే అనుకున్న. అట్లనే ఇన్నేండ్లయింది. నాకు గూడ చాతనైతలేదు తమ్మీ. వేళ్లు పొద్దుగాల ముడుసుకోవు. ఇగ చెయ్యి గూడ ఇరిగె."

వదిన చాయ్ తెచ్చింది. మా ఇద్దరినీ చూసి, "ఇద్దరు ముసలోళ్లయిన్రు. గింతదానికి కొట్లాడుడెందుకు?" అని లోపలికి పోయింది. ఎవరూ నవ్వలేదు. నేను చాయ్ తాగి, చెప్పకుండానే లేచి వచ్చేశాను.

అన్న దించినందుకు నాకు అంత బాధ లేదు. పోయిన ఏడు మహబూబాబాద్‌లో ఒక పెళ్లిలో పాట అయ్యాక పెళ్లికొడుకు తండ్రి వచ్చి నన్ను కౌగిలించుకున్నాడు. ఆ వారమంతా ఇంట్లో ఆ మాటే చెప్పాను. కాటారంలో ఒక ముసలాయన రెండోసారి పాడించుకున్నాడు. నా గొంతు ఇంకా ఉందని నేను నమ్మడానికి ఆధారమైనవి అవే. బస్సులో ఒక్కొక్కటీ గుర్తొచ్చి, ఇదీ దించిందేనా, ఇదీ దించిందేనా అనుకుంటూ ఇంటికి చేరాను.

మా ఆవిడ ఇంట్లోనే మిషను కుడుతుంది. ఎవరిదో జాకెట్ చేతులు కుడుతూ మొత్తం విన్నది. "నీకు గూడ తెలుసా?" అని అడిగాను.

"నాకు శ్రుతులేం తెలుసు?" అంది మా భాషలో. "ప్రోగ్రాం చేసొచ్చిన తెల్లారి సంది మూడు రోజులు నీ మాటలు సగం సైగలే. అది తెలుసు. దవాఖానకు పోదాం పా."

గొంతు డాక్టరు కెమెరా పెట్టి చూశాడు. గొంతులో వాపు ఉందనీ, కొన్ని వారాలు మాట కూడా వద్దనీ, ఆ తర్వాత కూడా పై స్వరాలు ఎప్పటిలా వస్తాయని చెప్పలేననీ అన్నాడు. మాట్లాడకుండా ఉండటం నేను అనుకున్నంత కష్టం కాలేదు. నిజానికి హాయిగా ఉంది. ఫోన్ మోగితే మా ఆవిడ ఎత్తేది. నేను మిషను పక్కన కూర్చొని కాజాలు కుట్టడం, గుండీలు వేయడం చేశాను. పాట లేకుండా కూడా రోజు గడుస్తుందని తెలిసి ఒక రకంగా భయమే వేసింది.

అన్న చేతికి పట్టీ విప్పారని చెల్లె ఫోన్ చేసి చెప్పింది. నేనే పోయాను. ఆయన లోపలి గదిలో కీబోర్డు మీది గుడ్డ తీసి, "ఎక్కడ్నుంచి చూద్దాం?" అన్నాడు.

"నువ్వు దించిన కాడ్నుంచి" అన్నాను.

ఒకటిన్నర శ్రుతి కింద మొదలుపెట్టాడు. పాడాను. అందింది కానీ నొక్కి పట్టినట్టు, నొప్పితో అందింది. ఇంతకాలం ఆ నొప్పిని బలం అనుకున్నాను. "ఇంక దించు" అన్నాను. ఇంకో అర దించాడు. అక్కడా గొంతు కూర్చోలేదు. "ఇంక" అన్నాను. ఆ మాట నా నోటితో అనడం భూపాలపల్లిలో గొంతు చీలినదానికంటే కష్టంగా ఉంది. అన్న నా వైపు చూడకుండా మీట నొక్కుతూ పోయాడు. చివరికి ఒక చోట గొంతు నొప్పి లేకుండా ఆగింది. ఆ పాట అక్కడ మరొకరి పాటలా ఉంది. చెడ్డగా లేదు. నాది మాత్రం కాదు.

చెల్లె పాటలు ఆమె శ్రుతిలోనే ఉండాలని ఆ రోజే నేను చెప్పాను. ఇద్దరం కలిసి పాడే వాటిలో రెండు పాటలకు మాత్రం, ఆమె వరుసలు వచ్చినప్పుడు శ్రుతి మార్చడం కుదిరింది. మిగతావి వదిలేశాం. నా పాటల్లో కూడా సగం పోయాయి. పైకెక్కే ఒక్క చోటు కోసమే ఉన్న పాటలు దించితే అందులో ఇంకేమీ మిగలదు.

వానలు మొదలయ్యాక జనగామలో మధ్యాహ్నం రిసెప్షన్ ఒకటి వచ్చింది. ఫంక్షన్ హాలు రేకుల మీద వాన పడుతోంది. నేను నాలుగు పాటలు పాడాను, కింద శ్రుతిలో. జనం తింటున్నారు. ఎవరూ ముద్ద ఆపి చూడలేదు. ఎవరూ ఈల కూడా వేయలేదు. తర్వాత చెల్లె తన పాట అందుకుంది. ఆమె గొంతు పైకి పోతుంటే వడ్డించేవాళ్లలో ఒకతను గరిటె పట్టుకొని అలాగే నిలబడిపోయాడు. రెండో చరణంలో ఆమె కింద నేను నెమ్మదిగా హమ్మింగ్ ఇచ్చాను. అన్న ఒకసారి తల ఎత్తి చూసి, మళ్లీ కీబోర్డు మీదికి వంగాడు.

అయిపోయాక అందరం భోజనం చేశాం. వాన తగ్గలేదు. అన్న చెయ్యి ఇంకా బరువు మోయకూడదు కాబట్టి ప్యాడ్ల అతనూ నేనూ స్పీకర్లు ఒక్కొక్కటే వ్యాన్‌లోకి ఎక్కించాం. నడుం నొప్పి పుట్టింది. గొంతు మాత్రం చాలా ఏళ్ల తర్వాత నొప్పి లేకుండా ఉంది. మళ్లీ ప్రోగ్రాం ఎప్పుడని చెల్లె అడిగింది. అన్న చెప్పాడు. సరే అన్నాను.