వచ్చీపోయే ఈల

చెవుల మేస్త్రి అని ఆయనకు పేరు పెట్టింది పక్క షెడ్డులో పంక్చర్లు వేసే మనిషి. వెటకారానికే పెట్టాడు గానీ పేరు నిలిచిపోయింది. కారు సందు మలుపు తిరుగుతుండగానే, చేతిలోని టీ గ్లాసు కింద పెట్టకుండా, "బెల్టు వదులైంది" అనో, "బేరింగు పోతోంది" అనో చెప్పేసేవాడు. బానెట్ ఎత్తి చూస్తే అదే అయ్యేది. మరీ అంతుచిక్కకపోతే పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు నొక్కిపెట్టి వినేవాడు. డాక్టరు గుండె చూసినట్టే. కాకపోతే డాక్టర్లు పరీక్షలు రాస్తారు, ఈయన రాయడు.

ఆ పనితనంతో పాటు కాస్త పొగరూ ఉండేదని చెప్పకపోతే అబద్ధమవుతుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. షెడ్డులో వెల్డింగూ పెయింటూ చూసే బావమరిది పాతికేళ్ళుగా పక్కనే ఉన్నా, ఏ చప్పుడు ఎక్కడిదో ఒక్కసారీ నోరు విప్పలేదు. విప్పనిస్తే కదా! ఈమధ్య భార్య మాటలు గొణుగుడులా అనిపిస్తుంటే, పాపం ఆవిడకు పళ్ళు కదులుతున్నాయేమోనని జాలిపడ్డాడు.

అలాంటి రోజుల్లో, బడిలో లెక్కలు చెప్పే టీచరుగారు తన పాత కారు తీసుకొచ్చారు.

"ఈల వేస్తోందండీ మేస్త్రిగారూ. ఎప్పుడూ కాదు. వంతెన దిగేటప్పుడు, యాక్సిలరేటరు మీంచి కాలు తీయగానే. చెవి దగ్గర దోమ తిరిగినట్టు సన్నగా వస్తుంది, పోతుంది."

మేస్త్రి ఇంజన్ పెంచాడు, తగ్గించాడు, స్క్రూడ్రైవరు పెట్టి విన్నాడు. ఈల లేదు. "వచ్చీపోయే జబ్బుకి డాక్టరు ముందు సిగ్గెక్కువ టీచరుగారూ! మళ్ళీ వస్తే తీసుకురండి" అని నవ్వి పంపాడు. వారానికి ఆవిడ మళ్ళీ వచ్చింది. ఈసారి బెల్టు మార్చాడు. ఎప్పుడూ వచ్చే చప్పుడైతే సంగతి ఆనాడే తేలిపోయేది. ఇది వచ్చీపోయేది కావడంతో, తనకు వినపడనప్పుడల్లా అది రాలేదనే అనుకున్నాడు. ఆయన స్థానంలో ఎవరున్నా అలాగే అనుకునేవారు.

మూడోసారి ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని వంతెన మీదికి తీసుకెళ్ళాడు. దిగువలో కాలు తీయగానే ఆవిడ, "ఇదిగో, ఇప్పుడు!" అంది. మేస్త్రి ఊపిరి బిగబట్టాడు. టైర్ల రొద వినపడింది. వెనక సీటు కింద జాకీ కదులుతున్నదీ వినపడింది. "ఇదిగో, మళ్ళీ!" అంది ఆవిడ. ఏమీ లేదు.

షెడ్డుకొచ్చాక నలుగురూ వింటుండగా అనేశాడు: "కారుకేం రోగం లేదమ్మా. ఈల మీ చెవుల్లోనే ఉన్నట్టుంది. ఓసారి చెవుల డాక్టరుకి చూపించుకోండి."

పంక్చర్లాయన పగలబడి నవ్వాడు. బావమరిది నవ్వలేదు. వెల్డింగు ముసుగు ముఖం మీదికి లాక్కుని పనిలో పడ్డాడు.

పది రోజుల తర్వాత ఆవిడ ఒక కాగితంతో వచ్చింది. దెబ్బకు దెబ్బ తీయడానికి వచ్చిందనుకుంటే పొరపాటు. ఆవిడ ముఖంలో కోపమన్నది లేదు, అదే ఆయన ప్రాణానికి వచ్చింది.

"మీరు చెప్పారని వెళ్ళానండీ. పరీక్ష చేశారు. నా చెవులు బాగానే ఉన్నాయట. మరి కారు సంగతి ఏం చేద్దాం?"

మేస్త్రి బానెట్ ఎత్తి, ఆవిణ్ణి లోపల కూర్చుని తొక్కి వదలమన్నాడు. "ఇప్పుడొచ్చిందా?" అని అడిగాడు. "వచ్చిందండీ" అంది. మళ్ళీ తొక్కించాడు. ఈసారి ఇంజన్ వైపు చూడలేదు, బావమరిది వైపు చూశాడు. ఆవిడ కాలు వదలగానే అతను ముఖం చిట్లించాడు. కళ్ళు ఇంజన్ వెనక ఒకేచోటికి పోయాయి.

"ఒరేయ్, నీకు వినిపిస్తోందా?"

బావమరిది తల దించుకున్నాడు.

"చెప్పరా."

"మొదటి రోజు నుంచీ వినిపిస్తోంది బావా."

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. "మరి చెప్పవేంరా?"

"పోయినేడు ఆ టాక్సీ కూడా ఇంతే. నువ్వు ఏం లేదని పంపేశావ్. నేను స్టాండుకెళ్ళి పైపు మార్చొచ్చా. ఇంకో రెండు బళ్ళూ అలాగే... నీకు చెప్పడానికి నోరు రాలేదు బావా. ఏమని చెప్పను?"

అరుస్తాడేమోనని పంక్చర్లాయన కూడా పని ఆపి చూశాడు. మేస్త్రి అరవలేదు. "ఎక్కడో చూపించు" అన్నాడంతే. పాతికేళ్ళలో ఆ మాట అనడం అదే మొదలు.

బావమరిది వేలు పెట్టిన చోట మేస్త్రి సబ్బునీళ్ళు పోశాడు. ఆవిడ తొక్కి వదలగానే ఇంజన్ ఒక్క కుదుపు కుదిపింది, రబ్బరు పైపు మీద గోరంత చీలిక నోరు తెరిచి నురుగును లోపలికి లాగేసుకుంది. కొత్త పైపు వేయడానికి పావుగంట పట్టింది. చేతులకు ఏమీ కాలేదు, అవి ఎప్పటిలాగే చకచకా పనిచేశాయి.

"పోయిందండీ!" అంది టీచరుగారు సంతోషంగా. బావమరిది కూడా పోయిందన్నట్టు తలూపాడు. మేస్త్రికి మాత్రం ముందూ అదే ఇంజన్, తర్వాతా అదే ఇంజన్. తాను బాగుచేసిన బండి బాగైందో లేదో ఇంకొకరు చెబితే తెలుసుకోవలసి వచ్చింది. ఆయనకు ఏడుపొచ్చింది. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ చాలాసేపు అటు తిరిగి నిలబడ్డాడు. వెళ్ళేముందు ఆవిడ డాక్టరు చిరునామా రాసి బల్ల మీద పెట్టింది.

ఆ చీటీని నాలుగు రోజులు ముట్టుకోలేదు. అయిదో రోజు బావమరిదే స్కూటరు మీద ఎక్కించుకుపోయాడు.

చిన్న గది, మధ్యలో అద్దం. అద్దానికి అవతల మిషను ముందు ఒక అమ్మాయి. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, "చప్పుడు వినపడినప్పుడల్లా వేలెత్తండి తాతగారూ" అంది. మొదట లావుపాటి చప్పుళ్ళు వచ్చాయి. ఇది గేరుబాక్సు గొంతు, ఇది చక్రం బేరింగు అని లోలోపల పేర్లు పెట్టుకుంటూ టకటకా వేలెత్తాడు. ఒక్కటీ వదల్లేదు. ఆయనకు ధైర్యం వచ్చింది. చెవిలో గులిమి ఉండి ఉంటుంది, అంతకుమించి ఏముంటుంది? బయటికెళ్ళాక బావమరిదిని నాలుగు తిట్టాలనుకున్నాడు.

తర్వాత అమ్మాయి తల వంచి ఏదో రాసుకుంటూ కూర్చుంది. మేస్త్రి వేలు సిద్ధంగా పెట్టుకుని ఎదురుచూశాడు. ఆమె ఒకటీ అరా మీటలు నొక్కింది, మళ్ళీ రాసుకుంది. ఎంతసేపైనా ఏమీ రాలేదు. పాపం చిన్నపిల్ల, మిషను మొరాయిస్తోంది కాబోలనుకున్నాడు. కావాలంటే తానే ఒకసారి చూసిపెడతానని కూడా అనుకున్నాడు.

ఆఖరికి ఓపిక నశించి హెడ్‌ఫోను ఒకవైపు ఎత్తి, "తర్వాతిది పెట్టమ్మా. నేను తయారుగానే ఉన్నా" అన్నాడు.

ఆ అమ్మాయి లేచి వచ్చి తలుపు తీసింది.

"అన్నీ పెట్టేశానండీ తాతగారూ" అంది. "అయిపోయింది."