యాన్సెల్ చేతికిచ్చిన రెండు ముక్కల తుపాకి

యాన్సెల్ బ్రెకీ కళ్ళు దొంగసారా తాగి పోయాయని టామరాక్ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. మంగలి షాపులో ఒకరు మొదలుపెడితే ఇంకొకరు పూర్తి చేస్తారు. ఒకే సీజనులో మూడు దుప్పుల మీద గురి తప్పాడట. చేతులు అంతలా వణికేవట. చివరికి సిగ్గేసి, తన చొక్కా తానే విప్పి యజమాని చేతికిచ్చి మంచులో కొండ దిగిపోయాడట. ఈ చివరి మాట దగ్గర అందరూ నవ్వుతారు.

ఆ సీజను నేను అక్కడే ఉన్నాను. డెవిట్ టాలివర్ వేట శిబిరంలో మా కోరా అత్త వంటమనిషి. అమ్మ పోయాక ఆరో తరగతిలో బడి మాన్పించి నన్ను అత్త చేతికింద పెట్టారు. గిన్నెలు కడగడం, నేల ఊడవడం, పిలిస్తే పలకడం నా పని. పిలవకపోతే పలికేదాన్ని కాదు.

యాన్సెల్‌కి అప్పటికి యాభై నాలుగేళ్ళు. డెవిట్ తండ్రి కాలం నుంచీ ఆ శిబిరంలో గైడు. అతిథి కాల్చాక దెబ్బతిన్న దుప్పి పారిపోకుండా ఒక్క తూటాతో ఆపడం గైడు పని. ఆ పని ఉన్నవాడికి సీజను అయ్యాక కింద పొలంలో గుర్రాల మేత పని, పొయ్యి పక్కన మంచం, వసంతం దాకా తిండి దొరికేవి. గైడు కానివాడు మొదటి మంచుతోనే దారి చూసుకోవాలి. యాన్సెల్‌కి ఇల్లు లేదు, భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. ఆ మంచం ఒక్కటే ఉంది.

అతని దగ్గర ఒక పాత లీవర్ తుపాకి ఉండేది, కింది పిడి లాగితే తూటా ఎక్కేది. గొట్టమూ వెనక కట్టె భాగమూ ఒకటిగా బిగిసిపోయిన రకం. ఇరవై రెండేళ్ళలో ఆ గొట్టం ఒక్కసారీ ఊడలేదు. ఆ ఏడు షికాగో నుంచి వచ్చిన అతిథి ఒకాయన డెవిట్‌కి కొత్త తుపాకి బహుమతిగా ఇచ్చాడు. అదీ లీవరుదే, కానీ గొట్టాన్ని పావు చుట్టు తిప్పితే రెండు ముక్కలుగా ఊడి వస్తుంది. చిన్న పెట్టెలో పడుతుంది, రైల్లో తీసుకెళ్ళొచ్చు.

"ఇది నువ్వు మొయ్యి, యాన్సెల్," అన్నాడు డెవిట్. "అతిథులకి చూడముచ్చటగా ఉంటుంది. నీ పాతది లైల్‌కి ఇచ్చెయ్."

లైల్ డెవిట్ కొడుకు. ఇరవై ఏళ్ళవాడు, ఆ ఏడే గైడు కావాలని తొందర.

"నా దానికి నా చెయ్యి అలవాటైపోయింది, డెవిట్‌బాబూ."

"చేతులకేం, కొత్త అలవాట్లు అవుతాయి."

శిబిరంలో తుపాకి పేలకూడదన్నది టాలివర్ల కట్టుబాటు. ఉత్తినే ఒక్క చప్పుడైనా దుప్పులు శిఖరం దాటి అవతలి లోయలోకి పోతాయి, ఇక సీజను లేనట్టే. అందుకని అందరూ కింద పొలంలోనే గురి సరిచూసుకుని పైకొస్తారు. ముక్కలుగా ఊడని తుపాకులకి ఆ పద్ధతి చక్కగా సరిపోయేది. కింద ఎలా ఉందో పైనా అలాగే ఉండేది. యాన్సెల్ కూడా కొత్తదాన్ని కిందే సరిచూశాడు. తర్వాత డెవిట్ దాన్ని విప్పి, పెట్టెలో పెట్టి, కంచర గాడిద మీద వేసి పైకి తెచ్చాడు. పైన బిగించాక మళ్ళీ కాల్చి చూసే వీల్లేదు.

మొదటి వారంలో యాన్సెల్ ఒక దుప్పి మీద గురి తప్పాడు. గురి తప్పినవాడి చొక్కా అంచు కోసి, బొగ్గుతో పేరు రాసి వంట డేరా దూలానికి తగిలించడం అక్కడి ఆనవాయితీ. అక్కడ లైల్ అంచులే రెండున్నాయి. యాన్సెల్ లేచి నిలబడి తనే చొక్కా బయటికి లాగి చూపించాడు. "ఇరవై రెండేళ్ళకి ఒకటి. కొయ్యండి, మసిగుడ్డకి పనికొస్తుంది," అన్నాడు. అందరూ నవ్వారు. అది మంచి నవ్వే.

రెండోది తప్పినప్పుడు నవ్వు మారింది.

"ఏం తాతా, దుప్పి ఒకటి కనపడిందా, రెండా?" అన్నాడు లైల్.

"ఊదమనండి, వాసన చూద్దాం," అన్నాడు ఒక అతిథి.

డెవిట్ కత్తి తుడుచుకుంటూ, "మూడో అంచు కోస్తే కొండ దిగడమే, యాన్సెల్. అతిథులు నన్ను అడుగుతున్నారు," అన్నాడు.

"ఒక్క తూటా కాల్చి చూసుకోనివ్వు, బాబూ. మైలు అవతలికి పోతాను. వాగు చప్పుడులో కలిసిపోతుంది."

"మా నాన్న ఉంటే ఆ మాట అడిగేవాడివా?"

"మీ నాన్న నా తుపాకి తీసుకునేవాడు కాదు."

డెవిట్ నవ్వి, "అయితే తప్పు తుపాకిదన్నమాట," అన్నాడు. మళ్ళీ అందరూ నవ్వారు.

మర్నాడు మధ్యాహ్నం నేను బంగాళాదుంపలు చెక్కు తీస్తుంటే యాన్సెల్ వచ్చి పక్క దుంగ మీద కూర్చున్నాడు. తుపాకి ఒళ్ళో ఉంది.

"ఇటు చూడు, అమ్మాయ్. ఈ వెనక గురి కన్ను కట్టె ముక్క మీద ఉంది. ముందు గురి గింజ గొట్టం ముక్క మీద ఉంది. అతుకు కాస్త వదులైతే దీని దారి దీనిది, దాని దారి దానిది."

"పాతది మంచిదా?" అని అడిగాను. అతనితో నేను మాట్లాడిన మాటలు తక్కువ. అది ఒకటి.

"బిగువుగా ఉంటే రెండూ ఒకటే, తల్లీ. తుపాకిని తిట్టను. రోజూ విప్పితేనే చిక్కు. ఆ కుర్రాడు భోజనాలు కాగానే అతిథుల ముందు విప్పుతాడు, బిగిస్తాడు, విప్పుతాడు. అది ఆటబొమ్మ అయిపోయింది." జేబులోంచి సిగరెట్టు కాగితం తీసి నాలుగు మడతలు పెట్టి, అతుకు బిగిసేలా అందులో దూర్చి గొట్టం తిప్పాడు. రెండు చేతుల్తో పట్టి ఊపి చూశాడు. "ఇప్పుడు పలుకుతుంది," అన్నాడు. వెళ్ళేటప్పుడు వినపడేంత దూరం వరకూ ఈల వేసుకుంటూ వెళ్ళాడు.

ఆ సాయంత్రం అతను గుర్రాల దగ్గరుండగా లైల్ మళ్ళీ ఆ తుపాకి తెచ్చి అతిథులకి విప్పి చూపించాడు. అరచేత్తో కొట్టి బిగించి, యాన్సెల్ జీనుకి వేలాడే తోలు ఒరలో పెట్టేశాడు.

తెల్లవారి వంట డేరా ఊడుస్తుంటే బల్ల కింద ఆ కాగితం కనపడింది. నాలుగు మడతలూ అలాగే ఉన్నాయి, నూనె మరక ఉంది. తీసి గుప్పిట్లో పెట్టుకున్నాను. యాన్సెల్ డేరా బయట జీను పటకా బిగిస్తున్నాడు. ఒరలోంచి తుపాకి తీసి చేత్తో ఊపి చూసి మళ్ళీ పెట్టేశాడు. చేతికి తెలిసే వదులు కాదది, మొదటి తూటా అదిరితే తెలిసేది. అతనికీ నాకూ మధ్య డెవిట్ కాఫీ కప్పుతో నిలబడి ఉన్నాడు. లైల్ గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటున్నాడు.

"ఏంటే, ఏదో చెప్పాలా?" అన్నాడు డెవిట్.

"ఏం లేదండి," అన్నాను.

వాళ్ళు వెళ్ళిపోయారు.

ఆ పూట అతిథి కొట్టిన మగదుప్పిని ఆపాల్సి వచ్చింది. నూట యాభై అడుగుల దూరం, పక్కకి తిరిగి నిలబడి ఉందట. యాన్సెల్ తూటా భుజానికి తగలాల్సింది, జానెడు ఎడమకి పొట్టలో దిగింది. అది పేగులు ఈడ్చుకుంటూ పొదల్లో పడింది. రెండో రోజు అరుపులు ఆగాయి. కళేబరం మూడో రోజు దొరికింది. అప్పటికే కాకులు కళ్ళు తినేశాయి.

గురి తప్పిన ఆ రాత్రే భోజనాల దగ్గర యాన్సెల్ లేచి నిలబడ్డాడు. చొక్కాకి కోయడానికి అంచు మిగల్లేదు. డెవిట్ నడుము నుంచి పైకి కోశాడు. చొక్కా చేతులు లైల్ కోశాడు. అతిథులు బల్ల చరుస్తూ కాలరు కూడా అన్నారు. కాలరు కోసేటప్పుడు కత్తి మెడకి గీసుకుంది. కోరా అత్త పొయ్యి వైపు తిరిగింది. యాన్సెల్ కదల్లేదు. చేతులు వణకలేదు. నేను చూస్తూనే ఉన్నాను.

"నా కోటు ఇస్తారా, బాబూ," అన్నాడు అన్నీ అయ్యాక.

"కోటు టాలివర్ పొలానిది," అన్నాడు డెవిట్. "నడిస్తే వెచ్చబడతావు."

ఊరికి పద్దెనిమిది మైళ్ళు, మంచులో. గుర్రం మీద వేసే కంబళి ఒకటి కోరా అత్త డేరా వెనక నుంచి విసిరింది. అది కప్పుకుని వెళ్ళాడు. ఎడమ చేతి మూడు వేళ్ళు ఆ నడకలోనే చలికి పోయాయి. ఆ చలికాలం ఒక గొర్రెల కాపరి బండిలో తలదాచుకున్నాడని, తర్వాత రెండేళ్ళకి జిల్లా బీదల ఆశ్రమంలో పోయాడని విన్నాను. పాతిపెట్టేటప్పుడు ఎవరూ వెళ్ళలేదు. నేనూ వెళ్ళలేదు.

సారా మాట ఆ అతిథుల రైలుతో పాటు ఊళ్ళోకి దిగింది. చేతులు వణకడం మంగలి షాపులో కలిసింది. చొక్కా తానే విప్పాడన్నది లైల్ కలిపాడు.

ఊరికి తెలియంది ఇది. యాన్సెల్ వెళ్ళిన తొమ్మిదో రోజున సీజను ముగిసింది. ఆ రోజు శిబిరంలో కాల్చుకోవచ్చు. లైల్ ఒక పైను చెక్క పలక నిలబెట్టి, బొగ్గుతో చుక్క పెట్టి, యాన్సెల్ పాత తుపాకిని పిండి బస్తా మీద ఆనించి ఐదు తూటాలు కాల్చాడు. ఐదూ పేకముక్క అంత చోటులో పడ్డాయి, చుక్క మీదే. తర్వాత రెండు ముక్కల దానితో అదే దూరం నుంచి ఐదు కాల్చాడు. ఐదూ చుక్కకి జానెడు ఎడమ పక్క పడ్డాయి. డెవిట్ వచ్చి వేలితో ఆ కన్నాలు ఒక్కొక్కటే తడిమాడు. పలక ఊడదీసి నా చేతిలో పెట్టి పొయ్యిలో వెయ్యమన్నాడు. వేశాను.