కామమ్మ నేర్చుకున్న ‘వావ్’

బోగోలు దగ్గరి రొయ్యల షెడ్డులో కామమ్మ పద్దెనిమిదేళ్లుగా మంచునీళ్లలో చేతులు పెట్టి పొట్టు తీస్తోంది. పొట్టు తీసే యంత్రం వచ్చిన వారం, సూపర్‌వైజర్ నరేంద్రబాబు ఆడవాళ్లందరినీ వరసగా నిలబెట్టాడు.

“ఫారిన్ బయ్యర్లు వస్తా ఉండారు. మిషన్ తిరగంగానే ‘వావ్’ అనాల, తర్వాత ‘ఓ మై గాడ్’. కామమ్మా, నోరు ఇంకా తెరువు!”

“ఈగ దూరేదాకానా సారూ?”

అందరూ నవ్వారు. బాగా ఆశ్చర్యపోయినవాళ్లను పనిలో ఉంచుకుంటారని అతడు అనలేదు, కామమ్మే నమ్మింది. ఇంట్లో అంట్లు తోముతూ కూడా ఆ మాటలే సాధన చేసింది. బయ్యర్లు వచ్చిన రోజు ముందు వరసలో నిలబడి, బుగ్గలకు చేతులు ఆనించి, అందరికంటే గట్టిగా అరిచింది. నరేంద్రబాబు ఫోను కెమెరా ఆమె ముఖం మీదే నిలిచింది.

నెల తిరగకముందే నలభైమందిని పని మాన్పించారు. వారిలో కామమ్మ కూడా ఉంది. యంత్రం పెట్టేముందు తమకెవరూ ఒక్క మాటైనా చెప్పలేదని ఆమె కార్మిక అధికారికి ఫిర్యాదు చేసింది. విచారణలో నరేంద్రబాబు ఫోను తీసి ఆ వీడియో చూపించాడు.

“ఇది నువ్వేనా?” అన్నాడు అధికారి.

“నేనే సార్. అట్టా అనమన్నారు.”

“అనమంటే ఇంత బాగా ఎవరైనా అంటారా సార్?” అని నవ్వాడు నరేంద్రబాబు.

అధికారి ‘యంత్రం పెట్టడానికి కార్మికులు సంతోషంగా సమ్మతించారు’ అని రాసి, కాగితం కామమ్మ వైపు తిప్పాడు. మంచుకూ రొయ్యపొట్టుకూ అరిగిపోయిన ఆమె బొటనవేలి ముద్ర సరిగా పడలేదు. మళ్లీ సిరా అంటించి, ఈసారి గట్టిగా నొక్కమన్నాడు.